నేర్చి ఇంటికి తిరిగివచ్చినవాడు – దామెర్ల రామారావు

సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, పూర్వ విద్యార్థిని గనుక మా పాలమూరు మనిషినే ఎన్నుకుంటానని అనుకొని ఉంటారు. గద్వాలలో పుట్టి, వనపర్తిలో హైస్కూలు చదివి, నాగర్‌కర్నూలుకు బిడ్డనిచ్చినవాణ్ణి. అట్లా అనుకోవడం న్యాయమే. కానీ నేను వ్రాసేది గోదావరి ఒడ్డున పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావు గురించి. ఎందుకో ముందు చెప్పాలె.

మాది నేత ఇల్లు. గద్వాల చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ పేకలో పేక పట్టించి కలిపే పనిని కుప్పడం అంటారు. మా నాయిన గుంట మగ్గంలో కూర్చుంటే, అంచు వైపు నాడె అందించడానికి పక్కన ఇంకో మనిషి కావాలె. ఆ మనిషిని నేనే. వెనుకట సంస్థానం వాళ్ళు మా నేతగాళ్ళను పని నేర్చుకు రమ్మని కాశీకి పంపారని పెద్దలు చెప్పుకునేవారు. ఆ కథలో కాశీకి పోవడం ఒక్కటే నా చెవిన పడింది. తిరిగి గద్వాలకు రావడం పడలేదు. మగ్గం తప్పించుకోవడానికే డిజైన్ చదువు పేరుతో ఇల్లు విడిచాను. అక్కడ పుస్తకంలోని పువ్వునూ లతనూ చూచి మళ్ళీ గీయడమే తప్ప, పనిచేసే మనిషి చేతిని చూచింది తక్కువ. మానేద్దామనుకుంటున్న రోజుల్లో ఒక స్నేహితుని పెండ్లికి రాజమండ్రి పోయి, ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉంటే, రామారావు పేర ఉన్న ఆర్టు గ్యాలరీలోకి నడిచాను.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించాడు. ఆయన చిన్ననాట అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. పాఠం చెప్పి ఊరుకునే రకం కాదు. తాను బొమ్మలు వేసేవాడు, కవిత్వం వ్రాసేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటి పిల్లలంతా ఆయన చుట్టూ చేరారు. ప్రిన్సిపాల్ గది బయట నిలబడి చెమటలు పట్టిన మనబోటివారికి ఇది వింతగానే ఉంటుంది. రామారావు చేతిలోని గుణాన్ని కనిపెట్టి, దారి చూపినవాడు ఆ దొరే. మన దేశపు బొమ్మల గొప్పదనం వైపు మన పిల్లవాణ్ణి ఒక పరదేశి మళ్ళించవలసి వచ్చిందంటే సంతోషించాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఆయన బొమ్మలు చూచి నేరుగా మూడవ సంవత్సరంలోకే తీసుకున్నాడు. మనిషిని ఎదుట నిలబెట్టి ఎముకా కండా తెలిసేటట్లు గీయడం అక్కడి చదువు. 1920లో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యాడు. పిమ్మట గుజరాతు దిక్కు తిరిగి అక్కడి జనాన్ని గీశాడు.

అసలు సంగతి ఇక్కడ ఉంది. అంత పేరు తెచ్చుకున్నవాడు బొంబాయిలోనే ఉండిపోవచ్చు. ఆయన రాజమండ్రికి వచ్చేశాడు. అప్పటికి వంగదేశపు చిత్రరీతి గాలి బలంగా వీస్తున్నది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ ఆ పద్ధతి నేర్పుతున్నాడు. రామారావు దాన్ని తూలనాడలేదు, అనుకరించనూ లేదు. బొంబాయిలో నేర్చిన కొలతను పారవేయకుండానే మన పాత గోడల మీది రేఖనూ, తన ఊరి మనుషుల కట్టునూ నడకనూ కలిపి వేశాడు. నూలుకు పట్టు కలిపినట్లని నాకు తోచింది. నేతవాని బుద్ధి మరి! ఆయన ‘ఋష్యశృంగ బంధనం’ 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి పొందింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్ళాయి.

1923 నాటికి రాజమండ్రిలో చిత్ర కళాశాల పెట్టి పిల్లలకు నేర్పసాగాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు చిత్రకారిణులు కావడం మాటలు కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను తీసుకొనిపోయింది. ఇరవై ఎనిమిదేండ్లు నిండటానికి ఇంకా నెల ఉంది. ఇంటికి వచ్చిన తర్వాత ఆయనకు దక్కినది అయిదేండ్లే. కళాశాలను మిత్రుడు వరదా వెంకటరత్నం నడిపాడు. బొమ్మలను కాపాడి గ్యాలరీ నిలవడానికీ ఆయనే పూనుకున్నాడు.

ఆ రోజు నేను ముహూర్తం తప్పిపోయాను. స్నేహితుడు చాలాకాలం నిష్ఠూరమాడాడు.

చదువు మానలేదు. సెలవులకు గ్రాఫు కాగితం తీసుకొని గద్వాల పోయి మగ్గం పక్కన కూర్చున్నాను. నాయిన ఎందుకని అడగలేదు. రెండు పేకలు ఒకదాన్నొకటి ఎట్లా పట్టుకుంటున్నాయో మూడు దినాలు చూచినా గళ్ళలోకి రాలేదు. నాలుగోనాడు ఆయన గుంటలోంచి లేచి, తన జాగాలో నన్ను కూర్చోమని సైగ చేసిండు.