స్వహస్తనిర్మిత యంత్రములు: జగదీశచంద్ర బోసు

ప్రయోగశాల లేదు, పరికరములు లేవు, ధనము లేదు. కావున పరిశోధన సాధ్యము కాదను మాట మన గోదావరి మండలముల విద్యార్థులనుండి తరచుగ వినుచున్నాము. ఆ మాటకు ప్రత్యుత్తరముగ నిలుచునది జగదీశచంద్ర బోసుగారి జీవితము.

బోసుగారు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమందలి మైమనసింగున జన్మించిరి. తండ్రి భగవాన్‌చంద్రులు ప్రభుత్వోద్యోగియై యుండియు కుమారుని ఆంగ్ల పాఠశాలకు బంపక మాతృభాషా పాఠశాలకే పంపిరి. అచ్చట జాలరి బిడ్డ యొకడు, సేవకుని బిడ్డ యొకడు ఆయనకు సహాధ్యాయులు. పనిచేయు చేతులయెడ ఆయనకుగల గౌరవము అచ్చటనే అంకురించెనని మేము తలంతుము. కలకత్తాలోను, పిమ్మట ఇంగ్లండులోను చదువు ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి.

ఆనాడు ఒకే పనికి ఆంగ్లేయునకు పూర్తి జీతము, భారతీయునకు అందు మూడింట రెండు పాళ్లు. ఉద్యోగము తాత్కాలికమగుటచే బోసుగారికి అందును సగమే నిర్ణయింపబడెను. ఆయన కలహింపలేదు; ఉద్యోగమును విడువలేదు. మూడు సంవత్సరములు ఒక్క పాఠమైనను మానక బోధించి, జీతము మాత్రము ముట్టరైరి. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి పూర్తి జీతమును వెనుకటి బాకీతోగూడ చెల్లించెను. దీనికి మించిన సత్యాగ్రహ మేమున్నది?

ఆయన పరిశోధన 1894 ప్రాంతమున ఆరంభమయ్యెను. జర్మనీ దేశీయుడు హెర్ట్‌జు విద్యుత్తరంగముల యునికిని అంతకుముందే నిరూపించియుండెను. కాని ఆ తరంగములు దీర్ఘములగుటచే వానిని త్రిప్పుటకు, కేంద్రీకరించుటకు మిక్కిలి పెద్ద పరికరములు కావలసివచ్చెను. బోసుగారు తరంగమునే పొట్టిచేసిరి. 5 మిల్లీమీటర్ల తరంగమువరకు సాధించుటచే యంత్రమంతయు ఒక బల్లపై నిమిడినది. నేడు మైక్రోవేవులని మన మనునవి ఇట్టివే.

ఆ యంత్రములను చేసినది విదేశపు కర్మాగారము కాదు. సామాన్యుడగు స్థానిక రేకుల పనివానిచే గొట్టములను, గరాటులను చేయించిరి. తరంగములు ఏ దిక్కున కంపించుచున్నవో తెలిసికొనుటకు రైళ్ల వేళల పుస్తకముయొక్క పుటలనడుమ తగరపు రేకులుంచిరి. ఆ దిక్కును మరల్చుటకు జనపనారను మెలివేసి వాడిరి. 1895లో కలకత్తా టౌనుహాలున, తీగలు లేకయే తరంగములు గోడలను దాటి గంట మ్రోగించినవి, మందుగుండు ప్రేల్చినవి. 1897లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఆయన ఉపన్యసించిరి. మిత్రుల బలవంతముచే 1904లో ఒక అమెరికా పేటెంటు లభించినను, దానిచే ధనము గడింప జూడలేదు. 1917లో కలకత్తాలో విజ్ఞానమందిరమును స్థాపించి, 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో స్వర్గస్థులైరి. ప్రపంచ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. ఆ తొలి ప్రయోగములను 2012లో చరిత్రాత్మకములుగ గుర్తించెను.

ఈ కథ మన డెల్టాకేల? నేడు కోనసీమలో ఇండ్లపై కానవచ్చు టెలివిజను పళ్లెముల నడుమనున్న చిన్న గరాటు బోసుగారి గరాటునకు వారసురాలే. అనేక దేశములలో అమెచ్యూర్ రేడియో సాధకులు ఇట్టి పాత పళ్లెములను సరిచేసి, 3 సెంటీమీటర్ల తరంగములపై సంభాషించుచున్నారు. మన దేశమున ఎవరైనను అమెచ్యూర్ రేడియో ప్రసారము చేయగోరినచో, ప్రభుత్వపు పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతిపత్రము పొందవలెను. ఈ తరంగములు దాదాపు చూపువలెనే సూటిగ పోవును. కొబ్బరితోటల ఆకులు వానిని హరించును. కాని రాజమహేంద్రవరపు గట్టునుండి కొవ్వూరు గట్టు చూడుడు! నడుమ నీరు తప్ప అడ్డేమున్నది?

అజ్జరపు కంచరులు ఇత్తడిని మలచుటలో ప్రసిద్ధులు. కళాశాల విద్యార్థికి గణితము వచ్చును. కొరవడినది వీరిరువురి పరిచయము. గణితమెరిగినవాడు కొలిమికడకు పోవుట చిన్నతనమని తలంచునంతకాలము మన శాస్త్రము పరీక్షాపత్రము దాటదు. కలకత్తా ఆచార్యుడు రేకుల పనివాని సరసన నిలుచుటకు సిగ్గుపడలేదు, మనమేల సిగ్గుపడవలెను?