డొక్కా సీతమ్మ గారి వడ్డన

మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు మొదలయ్యాయంటే మా కోరుకొండ కుర్రాళ్ళలో కొంతమందిమి సాయంత్రం ల్యాబ్ అవ్వగానే కేటరింగ్‌కి వెళ్ళిపోతాం. విస్తళ్ళు వెయ్యడం, నీళ్ళు పెట్టడం, పప్పు బకెట్ పట్టుకుని బంతి చివరిదాకా నడవడం మా పని. రాత్రికి చేతిలో పడే డబ్బులు బస్ పాస్‌కీ, జిరాక్సులకీ సరిపోతాయి. కానీ ఈ పని గురించి క్లాసులో ఎవరూ చెప్పుకోరు. రెజ్యూమెలో అసలే రాయరు. పెళ్ళిలో తెలిసిన మొహం కనిపిస్తే స్తంభం చాటుకి జరిగేవాళ్ళూ ఉన్నారు. అందుకే ఇదే పనిని బతుకంతా చేసిన ఒకావిడ గురించి రాయాలనిపించింది. తేడా ఒక్కటే, ఆవిడ పైసా తీసుకోలేదు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టే మనిషి కావడంతో ఊళ్ళో ఆయన్ని బువ్వన్న అని పిలిచేవారట. తల్లి నరసమ్మ గారు త్వరగా పోవడంతో ఇంటి పని చిన్నప్పుడే సీతమ్మ గారి మీద పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు ఒకసారి ఆ ఇంట్లో భోజనం చేసి, ఆ అమ్మాయి మర్యాద చూసి పెళ్ళి చేసుకున్నారని చెబుతారు. అంటే మన భాషలో, వడ్డనే ఆవిడ ఇంటర్వ్యూ అన్నమాట!

లంకల గన్నవరం కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఉంటుంది. అప్పట్లో బస్సుల్లేవు, దారిలో హోటళ్ళు లేవు. పాయ దాటాలంటే పడవే గతి. ఎండకి సొమ్మసిల్లినవాళ్ళు, వరదకి చిక్కుకున్నవాళ్ళు, పెళ్ళివాళ్ళు, అంతర్వేది యాత్రికులు అందరికీ ఆ ఇల్లే దిక్కు. కులం అడగలేదు, వేళ చూడలేదు. అర్ధరాత్రి తలుపు కొట్టినా పొయ్యి వెలిగేది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మా కేటరింగ్‌లో ఎంతమంది వస్తారో ముందే చెబుతారు. అయినా చివరి బంతికి కూర తగ్గితే మేస్త్రీకి చెమటలు పడతాయి. ఆవిడకి రేపు పదిమంది వస్తారో, వందమంది వస్తారో తెలీదు. ఫ్రిజ్ లేదు, గ్యాస్ లేదు, ఫోన్ చేసి తెప్పించుకునే దారి లేదు. బియ్యం, పప్పు, కట్టెలు, పెరుగు, ఊరగాయలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. మనం సెమిస్టర్ అంతా చదివే ఇన్వెంటరీ పాఠాన్ని ఆవిడ రోజూ వంటింట్లో చేసి చూపించారు.

ఆవిడ గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. ఎప్పటినుంచో అనుకున్న అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఒకసారి బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళిబృందం ఎదురైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరతామని పెద్దవాళ్ళు వాళ్ళని ఊరడిస్తున్నారు. అది విని ఆవిడ ప్రయాణం మానేసి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. పనిమీద నమ్మకం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. మనం ఉంటామని ఎవరో అనుకుంటున్నారు, కాబట్టి ఉండాలి.

ఆవిడ పేరు సముద్రాలు దాటింది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకి పిలుపు వచ్చిందని, ఆవిడ వెళ్ళలేదని, ఫొటో అయినా తీసి పంపాలని అధికారులు పట్టుబట్టారని మన జిల్లాలో చెప్పుకుంటారు. ఈ రోజు మనం చూసే సీతమ్మ గారి బొమ్మ అదేనంటారు. మెచ్చుకోలు కోసం ఆవిడ ఇల్లు కదల్లేదు. ఇంట్లో ఆస్తి కరుగుతున్నా పొయ్యి మాత్రం ఆర్పలేదు. 1909లో కన్నుమూశారు.

గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్ట్‌కి ఇప్పుడు ఆవిడ పేరే. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరు పెట్టారు. రాజ్యాలు ఏలినవాళ్ళ పక్కన ఒక వడ్డించిన చేతి పేరు నిలబడిందంటే చిన్న విషయం కాదు.

వడ్డనలో నేను నేర్చుకున్నవి మూడు. ఆకు ఖాళీ అయ్యేలోపే గమనించడం. మొహమాటపడేవాళ్ళని రెండోసారి అడగడం. ముందు వరసలో ఉన్న పెద్దమనిషికీ, చివర కూర్చున్న డ్రైవర్ గారికీ ఒకేలా నెయ్యి వెయ్యడం. మొదటి రెండూ నాలుగు పెళ్ళిళ్ళు తిరిగితే వచ్చేస్తాయి. మూడోది కష్టం, పైనుంచి ఎవరో ఒకరు ఎవరికి ఎక్కువ వెయ్యాలో సైగ చేస్తూనే ఉంటారు. సీతమ్మ గారి ఇంట్లో ఆ సైగ చేసేవాళ్ళు లేరు.

ఈసారి ప్లేస్‌మెంట్స్‌కి రెజ్యూమె రాసేటప్పుడు, పెళ్ళిళ్ళలో వడ్డించిన అనుభవం అని ఒక లైను పెడుతున్నాను. అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. మీరూ పెట్టండి.