రుక్మిణీదేవి గారూ, అంబర్‌పేట కుక్కలూ

శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ గారి పేరు చెబితే మనలో చాలామందికి భరతనాట్యమూ, మద్రాసులోని కళాక్షేత్రమూ గుర్తుకొస్తాయి. నాట్యం గురించి రాసే అర్హత నాకు లేదు. నేను జువాలజీ చదువుతున్న రైతుబిడ్డని. పశువుల చట్టం చదువుతుంటే ఆమె పేరు నాకు తగిలింది. అందుకని ఆమె జీవితంలో ఆ భాగమే ఎక్కువ రాస్తాను, నాట్యాభిమానులు మన్నించాలి.

ఆమె 1904 ఫిబ్రవరి 29న మధురలో పుట్టారు. తండ్రి నీలకంఠశాస్త్రి గారు ఇంజనీరు. దివ్యజ్ఞాన సమాజం మీద అభిమానంతో ఆయన కుటుంబాన్ని అడయారుకు తెచ్చారు. 1920లో, పదహారేళ్ల వయసులో, ఆమె జార్జి అరండేల్ అనే ఇంగ్లీషు ఆయనను పెళ్లాడారు. ఆయన ఆమెకంటే పాతికేళ్లకు పైగా పెద్ద. ఆ రోజుల్లో అది ఎంత గోల అయి ఉంటుందో ఊహించుకోవచ్చు. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా ప్రోత్సాహంతో నాట్యం వైపు మళ్లి, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై గారి దగ్గర నేర్చుకుని, 1935లో వేదిక ఎక్కారు. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల చేయకూడదన్న నాట్యం అది. మరుసటి ఏడే కళాక్షేత్రం వెలిసింది. మేలట్టూరు వేంకటరామశాస్త్రి గారి తెలుగు భాగవత మేళ నాటకాలను ఆమె తన వేదిక మీదికి తెచ్చారని మాత్రం మనం మరవగూడదు.

1952లో ఆమెను రాజ్యసభకు నామినేట్ చేశారు. కళాకారిణి కదా, కళల గురించి నాలుగు మాటలు మాట్లాడి వస్తారని అందరూ అనుకుని ఉంటారు. ఆమె మాత్రం మూగజీవాల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1953లో సొంతంగా ఒక బిల్లు పెట్టారు. అప్పటికి అమల్లో ఉన్నది 1890 నాటి దొరల చట్టం. ప్రైవేటు సభ్యుల బిల్లులు గట్టెక్కడం అరుదు. ఇదీ ఎక్కలేదు. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని ప్రధాని నెహ్రూ గారు మాట ఇచ్చారు. ఆ మాట మీద 1954లో ఆమె తన బిల్లును వెనక్కి తీసుకున్నారు. కమిటీ వేశారు, విచారణ జరిగింది, చివరికి 1960లో చట్టం వచ్చింది. దాని కింద 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమే మొదటి అధ్యక్షురాలు. పోయేదాకా, అంటే ఇరవై నాలుగేళ్లు, ఆ బాధ్యత మోశారు.

ఈ చట్టం మా ఊరి పొలం దాకా వచ్చింది. దాని కింద 1965లో చేసిన రూల్సు ప్రకారం ఎద్దుల చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి బండి లాగించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పన్నెండు నుంచి మూడు దాకా అసలు కట్టరాదు. మా తాతకు ఈ రూలు తెలియదు. అయినా ఎండ నెత్తికెక్కేసరికి ఎడ్లను విప్పి బాయి కాడ చెట్టు కింద కట్టేసేవాడు. మంచి చట్టం అంటే మంచి రైతు ఎప్పటి నుంచో చేస్తున్న పనే అని నాకు అప్పుడు అనిపించింది. శిక్ష చూస్తే మాత్రం నవ్వొస్తుంది. మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయల దాకా అని 1960లో రాశారు.

ఇక కుక్కల సంగతి. ఆ చట్టం 11వ సెక్షన్‌లో క్రూరత్వం అంటే ఏమేమిటో వరసగా రాసి, కింద కొన్ని మినహాయింపులు పెట్టారు. పశువుల కొమ్ములు తీయడం, కోడెను ఎద్దును చేయించడం అందులో ఉన్నాయి. వాటి పక్కనే, వీధికుక్కలను గదుల్లో పెట్టి చంపడం కూడా ఉంది. ఏ తల్లి పోరాటం వల్ల ఆ చట్టం పుట్టిందో ఆ తల్లి చట్టంలోనే వీధికుక్కకు చోటు దొరకలేదు. రాజీ పడి తెచ్చుకున్న చట్టాలు ఇలాగే ఉంటాయేమో.

1977లో మొరార్జీ దేశాయి గారు రాష్ట్రపతి పదవికి ఆమెను అడిగితే ఆమె వద్దన్నారు. ఆ పదవి మన నీలం సంజీవరెడ్డి గారికి దక్కింది. 1986 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూశారు.

ఆమె చట్టం కిందనే 2001లో కేంద్రం కుక్కల సంతాన నియంత్రణ రూల్సు చేసింది. చంపడం మాని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలమన్నది. కుక్క చూలు రెండు నెలలు, ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లలు. చంపి ఖాళీ చేసిన వాడలోకి పక్క వాడ కుక్కలు రావడానికి ఎన్నాళ్లో పట్టదు. లెక్క తెలిసిన వాళ్లకు ఈ పద్ధతే సబబుగా కనిపిస్తుంది. కోడెల విషయంలో రైతు చేసేదీ ఇదే కదా.

మన అంబర్‌పేట పటేల్‌నగర్‌లో మునిసిపాలిటీ వాళ్ల యానిమల్ కేర్ సెంటర్ ఉంది. ఇలాంటి చోట పని సాగే తీరు చెబుతాను. వలతో పట్టిన కుక్కలు బండిలో వస్తాయి. ఏ గల్లీలో పట్టారో రాసుకోవాలి, లేకపోతే తిరిగి వదలడం కుదరదు. ఆపరేషన్‌కు ముందు పస్తు పెడతారు. మత్తులో ఉండగా చెవి కొసన చిన్న గాటు పెడతారు, మళ్లీ పట్టకుండా గుర్తు. కుట్లు మానేదాకా ఉంచుకుని తిండి పెట్టాలి, బోన్లు కడగాలి. ఒక దాన్ని వదిలితేనే ఇంకో దానికి బోను ఖాళీ. మన హాస్టల్ మెస్ వెనక తిరిగే వాటిలో చెవి గాటున్నవి ఎన్నో, లేనివి ఎన్నో వీలైతే లెక్కపెట్టి చూడండి.

2023 ఫిబ్రవరిలో ఇదే అంబర్‌పేటలో ఒక పసివాణ్ణి వీధికుక్కలు చంపాయి. హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. మూడు వారాలకు, మార్చి 10న, కొత్త రూల్సు వచ్చాయి. అందులోనూ పట్టిన చోటే వదలమనే ఉంది. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీం కోర్టు, రెండు వారాలు తిరగకముందే పిచ్చివీ, మీద పడి కరిచేవీ తప్ప మిగతావి ఆపరేషన్ చేసి వదలమంది.

నేను ఈ రూల్సు పక్షమే. కానీ ఆపరేషన్ అయిన కుక్క పిల్లల్ని పెట్టదు గాని కరవకుండా ఉండదు. మాంసం దుకాణాల చెత్త గల్లీ మొదట్లో పడి ఉన్నంత కాలం గుంపులు కడుతూనే ఉంటాయి. సెక్షన్ నంబరు చెప్పి ఆ పిల్లవాడి తల్లి ముందు నిలబడమంటే నా వల్ల కాదు.