తప్పు రాత ప్రాణం తీస్తుందని హెచ్చరించిన జర్రాహ్: అబుల్ ఖాసిమ్ అజ్-జహ్రావీ

తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో డిగ్రీ పూర్తిచేసి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకున్న పిల్లలకు ఒక కష్టం బాగా తెలుసు. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. అవతల అమెరికాలో ఎవరో సర్జన్ తాను చేసిన ఆపరేషన్ గురించి గబగబా చెప్పుకుపోతుంటాడు. అన్నీ అర్థమవుతూనే ఉంటాయి, మధ్యలో ఒక్క మాట దగ్గర బండి ఆగిపోతుంది. వెనక్కి తిప్పి పదిసార్లు విన్నా అదేమిటో అంతుపట్టదు.

ఉదాహరణకు ఇలియమ్ అన్న మాట. ఆ శబ్దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి చిన్నపేగు చివరి భాగం, రెండోది తుంటి ఎముక. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక్క అక్షరం తేడా, చెవికి ఆ తేడా కూడా లేదు. పెరోనియల్ అంటే మోకాలి కింద, కాలి బయటి పక్కది. పెరినియల్ అంటే మలమూత్ర ద్వారాల దగ్గరి భాగం. ఇక మెట్జెన్‌బామ్ కత్తెర, డిబేకీ ఫోర్‌సెప్స్ లాంటివి డాక్టర్ల పేర్లతో వచ్చిన పరికరాలు. ఆ పేరు ముందే తెలియకపోతే ఎంత విన్నా రాయలేరు.

ఈ కష్టం కంప్యూటర్లతో పుట్టింది కాదు. వెయ్యేళ్ల కిందట స్పెయిన్‌లో ఒక హకీం దీని గురించే బాధపడ్డాడు. శస్త్రచికిత్స మాటలు చేతులు మారి, రాతలో చెడిపోయి, చివరికి రోగుల ప్రాణాలు తీస్తున్నాయని ఆయన గుర్తించాడు. ఆ జర్రాహ్ పేరు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అజ్-జహ్రావీ.

కొత్త నగరంలో పుట్టిన బిడ్డ

స్పెయిన్‌లో ముస్లింలు పాలించిన ప్రాంతాన్ని అప్పట్లో అందలూస్ అనేవారు. దాని రాజధాని ఖుర్తుబా, అంటే నేటి కోర్డోబా. ఆ ఊరికి పడమరగా కొన్ని మైళ్ల దూరంలో ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో మదీనతుజ్జహ్రా అనే కొత్త నగరం కట్టడం మొదలుపెట్టాడు. అజ్-జహ్రావీ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే పుట్టాడని చెబుతారు. ఆయన ఇంటిపేరులోని జహ్రా ఆ ఊరే. మదీనా అన్సార్ల వంశమని చెప్పే అన్సారీ అనే మాట కూడా ఆయన పేరులో ఉంది.

ఆయన సొంత జీవితం గురించి మిగిలిన వివరాలు చాలా తక్కువ. 1009లో అందలూస్‌లో అంతర్యుద్ధం వచ్చింది, మదీనతుజ్జహ్రా కొల్లగొట్టబడి శిథిలమైపోయింది. అజ్-జహ్రావీ 1013 ప్రాంతంలో చనిపోయాడని చెబుతారు. నగరం పోయింది, కాగితాలు పోయాయి, ఆయన రాసిన ఒక పెద్ద కితాబ్ మాత్రం నిలిచింది. ఆయన్ను తెలుసుకోవాలంటే అదే ఆధారం.

ముప్ఫై భాగాల కితాబ్

ఆ పుస్తకం పేరు అత్-తస్రీఫ్. పెద్ద పెద్ద గ్రంథాలు సమకూర్చుకోలేని వైద్యుడికి అన్నీ ఒకేచోట దొరకాలని రాసినది. సుమారు 1000వ సంవత్సరం నాటికి పూర్తయింది. మొత్తం 30 భాగాలు. జబ్బులు, మందులు, తిండి, లేపనాలు అన్నీ అయ్యాక చివరిదైన 30వ భాగం జర్రాహీ, అంటే శస్త్రచికిత్స. అందులో మళ్లీ మూడు బాబులు: కాల్చి వాత పెట్టడం ఒకటి, కోతలు, కుట్లు, గాయాలు రెండోది, విరిగిన, తొలగిన ఎముకలు సరిచేయడం మూడోది.

శస్త్రచికిత్సను చివర పెట్టడానికి కారణం ఉంది. మిగతా వైద్యమంతా నేర్చుకున్నాకే కత్తి పట్టాలన్నది ఆయన పట్టుదల. ముఖ్యంగా ఒంటి లోపల ఏ ఎముక ఎక్కడుంది, ఏ నరం ఎటు పోతుంది, ఏ రక్తనాళం కొట్టుకుంటుంది అన్నది తెలియనివాడు ఆ పనికి దిగకూడదన్నాడు.

ఆ భాగం మొదట్లోనే ఆయన తన బాధ చెప్పుకున్నాడు. తన దేశంలో చేతి వైద్యం దాదాపు అంతరించిపోయిందని, పాతవాళ్ల కితాబుల్లో కొద్దో గొప్పో మిగిలినదాన్ని కూడా నకలు రాసినవాళ్ల చేతులు పాడుచేశాయని, తప్పులు పడి పడి అర్థమే మూసుకుపోయిందని రాశాడు. ఉర్దూ చదివే ఇళ్లలో ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఒక్క నుక్తా అటూ ఇటూ అయితే ఖుదా కాస్తా జుదా అయిపోతుందని పెద్దలు పిల్లలకు చెబుతుంటారు. అరబ్బీ లిపిలోనూ అంతే, చుక్క పైన ఉంటే ఒక అక్షరం, కింద ఉంటే ఇంకో అక్షరం. కవిత్వంలో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు, ఆపరేషన్ పుస్తకంలో అయితే మనిషి పోతాడు.

చూసిన చావులు

మనుషులు ఎలా పోతారో కూడా ఆయన దాచకుండా రాశాడు. ఒక వైద్యుడు ఒక ఆడమనిషి మెడ మీది గడ్డ కోశాడు. అక్కడ రక్తనాళాలు ఉంటాయని తెలియక వాటినే తెగ్గోశాడు, ఆమె అతని ముందే రక్తం కారి కూలిపోయింది. ఇంకో వైద్యుడు వయసు మళ్లిన ఒక మనిషి మూత్రాశయంలో పెద్ద రాయి తీయబోయి రాయితో పాటు మూత్రాశయం ముక్క కూడా లాగేశాడు, రోగి మూడు రోజులకే పోయాడు. మరో చోట కాలు విరిగి గాయమైతే, గాయానికి దారి వదలకుండా గట్టిగా కట్టు కట్టేశారు. అది లోపలే చెడి ప్రాణం తీసింది.

ఈ సంఘటనలు ఇతర వైద్యుల్ని చిన్నబుచ్చడానికి రాసినవి కావు. తన షాగిర్దుల్ని ఆయన పిల్లలని పిలుచుకునేవాడు, ఈ పుస్తకం వాళ్ల కోసమే. తెలియని చోట తెలిసినట్టు చేయి పెడితే ఏమవుతుందో వాళ్లకు కళ్లకు కట్టాలనుకున్నాడు.

పేరు చాలదు, బొమ్మ కావాలి

రాత చెడిపోకుండా ఆయన రెండు పనులు చేశాడు. మొదటిది, పరికరాలకు బొమ్మలు వేశాడు. మిక్వా అంటే వాత పెట్టే ఇనుము, మిబ్జా అంటే కోసే కత్తి, సిన్నారా అంటే పట్టి ఎత్తే కొక్కెం. ఇలా దాదాపు 200 పరికరాల బొమ్మలు ఆ భాగంలో ఉన్నాయి. పేరు విని పోల్చుకోలేని వాడు బొమ్మ చూసైనా కమ్మరితో చేయించుకోగలడు. ఎంత పొడవు, మొన ఎలా ఉండాలి, దేనితో చేయాలి అన్నది కూడా చాలా చోట్ల చెప్పాడు.

రెండోది 29వ భాగంలో కనిపిస్తుంది. అక్కడ మందుల పేర్లను అరబ్బీలోనే కాక గ్రీకు, సిరియాక్, పార్సీ భాషల్లోనూ, తన చుట్టుపక్కల జనం మాట్లాడే మాటల్లోనూ ఇచ్చాడు. తూకాలు, కొలతలు వివరించాడు. ఒక మందు దొరక్కపోతే బదులు ఏది వాడాలో రాశాడు. ఒకే వస్తువును నాలుగు ఊళ్లలో నాలుగు పేర్లతో పిలుస్తారని తెలిసిన మనిషి చేసే పని ఇది. ఇవాళ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేవాళ్లు పక్కన పెట్టుకునే మెడికల్ డిక్షనరీ, పరికరాల జాబితా చేసే పని కూడా ఇదే.

పేగు దారం

పేగులకు తగిలిన గాయాల గురించి రాస్తూ, జంతువు పేగు నుంచి తీసిన సన్నటి దారంతో కుట్టవచ్చని చెప్పాడు. తర్వాతి కాలంలో క్యాట్‌గట్ అని పేరుపడిన కుట్టుదారం ఈ జాతిదే. పిల్లికీ దానికీ సంబంధం లేదు, అది గొర్రె, పశువుల పేగు. ఆ మాట మొదటిసారి విన్నవాళ్లు తికమకపడేది ఇక్కడే. గుంటూరు జిల్లా వైపు నూర్‌బాషా పెద్దలకు మాత్రం ఇది కొత్త సంగతి కాదు. దూది ఏకే విల్లుకు కట్టే నారి కూడా పేగుతో పేనిందే. పెద్ద చీమలతో గాయం అంచులు కరిపించి, తలలు మాత్రం ఉంచి, ఒళ్లు తుంచేసే పద్ధతిని కూడా అజ్-జహ్రావీ ప్రస్తావించాడు. మన దేశంలో సుశ్రుతుడి గ్రంథంలోనూ పేగులకు నల్లచీమల కుట్టు ఉంది.

తెలియనిది తెలియదని

ఆయన రాతలో పెద్ద గుణం మరొకటి ఉంది. చూసింది వేరు, విన్నది వేరు, చదివింది వేరు అని విడదీసి చెప్పాడు. గొంతు కింద శ్వాసనాళం కోసే ఆపరేషన్ గురించి పాత కితాబుల్లో చదివాడు గానీ, తమ దేశంలో ఎవరూ చేయగా చూడలేదని ఒప్పుకున్నాడు. అయితే ఒక పనిమనిషి పిల్ల కత్తితో తన గొంతు తానే కోసుకున్నప్పుడు ఆయన్ను పిలిచారు. వెళ్లి చూస్తే గాలి గొట్టం తెగింది గానీ పెద్ద రక్తనాళాలు తెగలేదు. కుట్టు వేసి వైద్యం చేశాడు. ఆ పిల్ల బతికింది, గొంతు బొంగురు మాత్రం మిగిలింది. అంటే శ్వాసనాళం కోసినంత మాత్రాన ప్రాణం పోదని ఆ ఒక్క కేసుతో తనకు రూఢి అయిందని రాసుకున్నాడు.

ఇంకో సంగతి. ఒక ఊళ్లో కొందరు మగవాళ్లకు చిన్న గాయమైనా రక్తం ఆగక చనిపోతున్నారని విన్నాడు. దాన్ని నమోదు చేశాడు, పాతవాళ్ల పుస్తకాల్లో దీని మాట లేదని చెప్పాడు, కారణం తనకు తెలియదని కూడా రాశాడు. ఇవాళ హీమోఫీలియా అనే జబ్బు గురించి దొరికే తొలి వర్ణనల్లో ఇదొకటి. కారణం ఊహించి రాసి ఉంటే అది తప్పయ్యేది. ఖాళీ వదిలాడు కాబట్టి తర్వాతివాళ్లకు పనికొచ్చింది.

ఆయన పేరే చెడిపోయింది

విచిత్రం ఏమిటంటే, రాత చెడుతుందని భయపడిన మనిషి పేరే రాతలో చెడిపోయింది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడోలో ఇటలీ వాడైన జెరార్డ్ ఆఫ్ క్రెమోనా ఈ శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. మాట దొరకని చోట అరబ్బీ మాటనే లాటిన్ అక్షరాల్లో ఉంచేయడం ఆ రోజుల్లో మామూలు. అలా అబుల్ ఖాసిమ్ అల్బుకాసిస్ అయ్యాడు, అజ్-జహ్రావీ ఆల్సహరావియస్ అయ్యాడు. ఒక పుస్తకంలోని వేర్వేరు భాగాలు ఈ రెండు పేర్లతో తిరగడం వల్ల ఆ ఇద్దరూ వేరువేరు మనుషులని అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పరికరాల బొమ్మలూ అంతే. కత్తి ఎరగని లేఖకులు గీస్తూ పోయేసరికి ఒక్కో ప్రతిలో ఒక్కోలా తయారయ్యాయి.

మందుల తయారీ గురించిన 28వ భాగాన్ని 13వ శతాబ్దం చివర్లో సైమన్ ఆఫ్ జెనోవా అనే క్రైస్తవుడు, తొర్తోసాకు చెందిన అబ్రహాం అనే యూదుడు కలిసి లాటిన్‌లో పెట్టారు. అరబ్బీ తెలిసింది అబ్రహాంకు, లాటిన్ కుదిర్చింది సైమన్. అది 1471లో వెనిస్‌లో అచ్చయింది. ఈ సైమనే గ్రీకు, అరబ్బీ, లాటిన్ వైద్య పదాలకు ఒక పెద్ద నిఘంటువు కూడా కూర్చాడు. శస్త్రచికిత్స భాగం 1497లో వెనిస్‌లో అచ్చయింది. అంతకు ముందే ఫ్రాన్స్‌లో గీ ద షోలియాక్ 1363లో రాసిన శస్త్రచికిత్స గ్రంథంలో అజ్-జహ్రావీ పేరు పదేపదే చెప్పాడు.

మన దేశంలోనూ ఈ కితాబ్ జాడలున్నాయి. పాట్నాలోని ఖుదాబఖ్ష్ లైబ్రరీలో దీని పాత చేతిరాత ప్రతి ఉంది. 1908లో లక్నోలో అరబ్బీ మూలం లిథోలో అచ్చయింది. అరబ్బీ మూలం, ఇంగ్లిష్ అనువాదం పక్కపక్కన ఉన్న స్పింక్, లూయిస్‌ల ప్రతి 1973లో వచ్చింది. పలు ప్రతులు పోల్చి, చెడిన మాటను, చెడిన బొమ్మను సరిచూసే పని ఇరవయ్యో శతాబ్దంలోనూ జరిగిందన్న మాట.

హెడ్‌ఫోన్‌లో వినిపించే అరబ్బీ

రేపల్లె అమ్మాయి ఇవాళ మెదడు ఆపరేషన్ నోట్‌లో డ్యూరా మేటర్ అని టైప్ చేస్తే, ఆ మేటర్ అంటే లాటిన్‌లో తల్లి. మెదడు పొరను అమ్మ అనడం లాటిన్ వాళ్ల అలవాటు కాదు. అరబ్బీ వైద్యులు ఆ పొరను ఉమ్మ్ అన్నారు. 12వ శతాబ్దంలో అరబ్బీ నుంచి అనువదించినవాళ్లు దాన్ని మాటకు మాటగా లాటిన్‌లో పెట్టారు. అర్థం కాని మాటను విడగొట్టి, ఏ భాషలోంచి వచ్చిందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

మిగతా సగానికి దారి అజ్-జహ్రావీ ఎప్పుడో చూపించాడు. అంగం ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. పక్కన పేగు గురించి చెబుతుంటే ఆ ఇలియమ్ పేగే, ఎముక ముక్క తీసి అతికించడం గురించి చెబుతుంటే ఆ ఇలియమ్ తుంటి ఎముకే. పరికరం పేరు తెలియకపోతే దాని బొమ్మ, జాబితా వెతకాలి. అప్పటికీ తేలకపోతే ఊహించి నింపకూడదు. ఆ చోట ఖాళీ వదిలి, టైమ్ గుర్తు పెట్టి, చెప్పిన డాక్టరుకే తిప్పి పంపాలి. ట్రాన్స్‌క్రిప్షన్ నేర్పే చోట మొదటి రోజుల్లోనే చెప్పే నియమం ఇది. ఖాళీ పంపితే మార్కులు పోతాయని, జీతం తగ్గుతుందని భయపడి ఏదో ఒకటి కొట్టేసేవాళ్లూ ఉంటారు. ఆ కాగితాన్ని నమ్మి రేపు ఇంకో డాక్టర్ ఇంకో కోత కోస్తాడు. మెడ గడ్డ కోయించుకుని కూలిపోయిన ఆ ఆడమనిషి కథను అజ్-జహ్రావీ తన శస్త్రచికిత్స భాగం మొదట్లోనే పెట్టింది ఇందుకే.