కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు: వారి గ్రంథోద్ధరణ దీక్ష

సంఘమునకు వన్నె దెచ్చిన పెద్దల చరిత్రములను వార్షిక మహాసభా సంచికలందు స్మరించుకొనుట సత్సంప్రదాయము. రాజులను, దాతలను, ఉద్యోగధురంధరులను గూర్చి యెల్లరును వ్రాయుదురు. మేము ఈ పుటలలో నొక పండితుని గూర్చి, అందును వారు చేసిన యొక పనిని గూర్చి ముచ్చటింపదలచితిమి. ఆ పండితులు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆ పని, నశింపనున్న తెలుగు వాఙ్మయమును వెదకి, అడిగి, అచ్చొత్తించి నిలుపుట. వారిని పత్రికాధిపతులుగను రాజకీయ నాయకులుగను ఎరిగినవారు పెక్కురు. వారి కీర్తికి మూలమైన గ్రంథోద్ధరణ దీక్షను తలచువారు మాత్రము కొలదిమంది.

రెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన, నేటి జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు మండలములోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. వారి స్వగ్రామము ఆ చేరువనే యున్న ఇటిక్యాలపాడు. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. తుంగభద్ర దాటిన కర్నూలు. అచ్చట వారికి విద్యాభ్యాసము జరిగినది. వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతకావ్యములు చదివిరి. పిదప మదరాసులో బి.ఏ., బి.ఎల్. పరీక్షల నిచ్చిరి. ఆ నగరముననే వేదము వేంకటరాయశాస్త్రులవారి సాన్నిధ్యము లభించెను. ప్రాచీన గ్రంథమును పాఠశుద్ధితో చదువవలెననియు, తెలియని పదమును దాటిపోరాదనియు తెలిసిన గురువు లట్టివారు. సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూ, పారసీక, ఆంగ్లములందును పరిచయముండుటచే రెడ్డిగారి దృష్టి మిక్కిలి విశాలమయ్యెను.

ఆనాటి నిజాము రాష్ట్రమున తెలుగుయొక్క స్థితి యెట్టిదో నేటి యువకులకు చెప్పవలసియున్నది. ప్రభుత్వభాష ఉర్దూ. పాఠశాలలలో తెలుగునకు తావు స్వల్పము. ముద్రాలయములు అరుదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినను, 1921లో ఆంధ్రజనసంఘ మేర్పడినను, పల్లెలలోని తాళపత్ర గ్రంథములు చెదపురుగుల పాలగుచునే యుండెను. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుపంతులుగారు 1923లో గతించిన పిమ్మట వారి పేర నెలకొన్న పరిశోధకమండలి శాసనములను, తాళపత్రములను సేకరింప బూనినది. వ్యక్తులు చేయజాలని పనిని సంఘములు చేయవలెనను తలంపు అప్పటికి పండితులలో బలపడియుండెను.

మన సీమ యీ విషయమున దరిద్రమైనది గాదు. గద్వాల ప్రభువులు ఏటేట పండితులను రావించి సత్కరించుచుండుటచే ఆ సంస్థానమునకు విద్వద్గద్వాల యను పేరు గలిగెను. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట సంస్థానములును కవులకు నిలయములే. జటప్రోలు సురభి మాధవరాయలు స్వయముగ చంద్రికాపరిణయమును రచించెను. మానవల్లి రామకృష్ణకవిగారు వనపర్తి సంస్థానాశ్రయమున నుండినవారు. నన్నెచోడుని కుమారసంభవమును తంజావూరి తాళపత్రమునుండి యుద్ధరించి 1909లో లోకమునకు చూపినవారు వారే. క్రీడాభిరామమును వెలుగులోనికి దెచ్చినవారును వారే. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు క్రీడాభిరామము తెనుగుసేత. మూలము నేడు దొరకదు, తెనుగుసేత నిలిచినది. అదియును అచ్చుగాక పోయినచో కాకతీయుల ఓరుగల్లు వీథులు, అంగళ్లు, పూటకూళ్లయిండ్లు ఎట్లుండెనో చెప్పు నోరు మనకు లేకపోయెడిది. ఒక గ్రంథమును ముద్రించుటలో నెంతటి లాభనష్టములు గలవో యీ యొక్క నిదర్శనముచే తెలియును.

ప్రతాపరెడ్డిగారు హైదరాబాదు రెడ్డి విద్యార్థివసతిగృహ నిర్వహణమున కొన్నియేండ్లు పాటుపడి, అచ్చటి గ్రంథాలయమును వేలకొలది గ్రంథములతో పెంచిరి. రాజాబహద్దరు వేంకటరామారెడ్డిగారి పోషణమున 1918లో నెలకొన్న ఆ వసతిగృహము, అన్నము పెట్టుటతో తన ధర్మము తీరినదని తలంపక విద్యార్థులకు గ్రంథములను గూడ సమకూర్చుట వారి పట్టుదల ఫలమే. 1926 మే 10వ తేదీన వారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. ఆ పత్రికయే వారి గ్రంథోద్ధరణమునకు సాధనమైనది.

తెలంగాణమున కవులు లేరను భావముతో ముడుంబ వేంకటరాఘవాచార్యులవారు ఆ పత్రికలోనే యొకమారు వ్రాసిరి. రెడ్డిగారు దానికి కోపముతో సమాధాన మీయలేదు. పత్రికాముఖమున కవులను పిలిచిరి. తపాలామూలమున వారి ఊరుపేరులు, వయస్సు, రచించిన గ్రంథములు, మాదిరి పద్యములు తెప్పించిరి. ఒక సంపాదకుడు తన బల్ల యొద్ద కూర్చుండి దేశము నలుమూలలతో జాబులు నడపి చేసిన సాహిత్యగణన మది. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడినప్పుడు అందు 354 మంది కవులు కానవచ్చిరి. వాదమునకు వాదము గాక, వాదమునకు సాక్ష్యము చూపుట పండితధర్మమని వారు చేసి చూపిరి. ఆ కవులలో పెక్కురి పేరులు ఆ సంచికలేకున్న తమ గ్రామపు పొలిమేర దాటియుండవు.

సంఘీయులమైన మనము గమనింపవలసిన దొకటి యిందు గలదు. ఆ సంచికలో బ్రాహ్మణులును, బ్రాహ్మణేతరులును, స్త్రీలును గలరు. రెడ్డి వసతిగృహమునకు సేవచేసిన చేతులే ఆ సంచికను గూర్చినవి. అయినను కవిని లెక్కించుటయందు వారు కులమును కొలతగా గ్రహింపలేదు. స్వసంఘాభిమానము దేశాభిమానమునకు మెట్టు కావలెను గాని గోడ కారాదని వారి చేతయే చెప్పుచున్నది. వారిని మనవారని చెప్పుకొను హక్కు మనకుండిన, ఈ కొలతను పాటించు బాధ్యతయు మనదే.

పూర్వగ్రంథముల ముద్రణమువలన గలుగు ఫలము వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో పరిపక్వమైనది. 1949లో వెలువడిన యా గ్రంథము రాజుల యుద్ధములను వదలి ప్రజల తిండి, బట్ట, ఆటలు, పండుగలు, వ్యాపారములను చెప్పినది. దానికి ఆధారములు శాసనములు మాత్రమే గావు. క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, కొరవి గోపరాజు సింహాసనద్వాత్రింశిక, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి మొదలగునవి. వీనిలో కొన్ని సంస్కృతకథలకు తెనుగుసేతలు. కొన్నింటిని శృంగారము మితిమీరినదని పెద్దలు దూరముంచిరి. రెడ్డిగారు వానిని వేరొక కంటితో చదివిరి. కథ సంస్కృతమునుండి వచ్చినను, ఆ కథలోని కాపు, వర్తకుడు, వంటయిల్లు, సంతబజారు తెలుగువే యని కనుగొనిరి. అనువాదకుడు తెలిసియో తెలియకయో తన యూరిని గ్రంథములో నిలిపిపోవునని దీనివలన తేలుచున్నది.

ఆ పనిలో వారి కెదురైన పెద్ద చిక్కు పదములది. కావ్యములందలి ఆటపేరునకు నిఘంటువు క్రీడావిశేషమనియు, పిండివంటకు భక్ష్యవిశేషమనియు వ్రాసి యూరకుండును. అది అర్థము చెప్పుట గాదు, చెప్పకుండుట. అందుచే వారు తెలిసినవారినెల్ల అడిగి అర్థము రాబట్ట యత్నించిరి. పండితుడు మరచిన పదము పల్లెలో బ్రదికియుండునని వారి నమ్మకము. ఇట్లు గ్రంథమునకును గ్రామమునకును నడుమ రాకపోకలు కల్పించిన విమర్శకులు మనకు మిక్కిలి తక్కువ.

వారి తక్కిన జీవితమును సంక్షేపముగ జెప్పుదుము. 1930లో జోగిపేట ప్రథమాంధ్రమహాసభకు అధ్యక్షులైరి. రామాయణవిశేషములు, హిందువుల పండుగలు మున్నగు గ్రంథములు రచించిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన దివంగతులైరి. తెలుగున కేంద్రసాహిత్య అకాడమీ తొలి బహుమానము 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించెను. అందుకొనుటకు వారు లేరైరి. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టుటకు చట్టము చేసినది.

విశ్వవిద్యాలయమునకు పేరు పెట్టుట ప్రభుత్వము చేసిన గౌరవము. మనము చేయదగిన గౌరవము వేరు. ఈ సీమలోని యిండ్లలో, అటుకలమీద, పాతపెట్టెలలో తాతముత్తాతల తాళపత్రములు, చేవ్రాత పుస్తకములు, పండితులు వ్రాసికొన్న జాబులు ఇంకను ఉండవచ్చును. చదువరాదని వానిని చింపవలదు, పొయ్యిలో వేయవలదు, నదిలో విడువవలదు. అవి చదువగలవారికి చూపుడు. దాతలైన మహాశయులు కల్యాణమంటపములతోపాటు ఒక్క గ్రంథముయొక్క పరిష్కరణ, ముద్రణ వ్యయమును భరింప సంకల్పింతురుగాక. ప్రతాపరెడ్డిగారి సంచిక కెక్కిన 354 మంది పేరులు నిలిచినవి. ఎక్కనివారిలో పెక్కురి పేరులు కాలగర్భమున గలిసినవి. అడుగువాడు మరల వచ్చునో రాడో, మన యింటనున్న దానిని మనము తీసి చూపుటయే వారి స్మృతికి మేము కోరు నివాళి.