మంచు బాటల బిషప్: విలియం కార్పెంటర్ బొంపాస్ గారి జీవితము

కృష్ణా మండలానికి పరిచారకులను పంపిన చర్చి మిషనరీ సొసైటీవారు ఆ కాలంలోనే భూమి ఉత్తరపు కొసకు కూడ పరిచారకులను పంపుతూ వచ్చారు. 1841లో బందరు చేరిన రాబర్ట్ నోబుల్ దొరగారు ఇరువదినాలుగేండ్లు సేవచేసి, 1865 అక్టోబరులో ఆ ఊరిలోనే ప్రభువునందు నిద్రించారు. అదే నెలలో అదే సొసైటీ పంపిన మరొక గురువు కెనడా దేశపు ఉత్తరాన నదుల మీదుగా, గడ్డకట్టబోయే నీటితో పందెం వేసినట్లు ప్రయాణం చేస్తున్నారు. ఆయనే విలియం కార్పెంటర్ బొంపాస్. కెనడా సంఘాలలో ఆయన పేరు ప్రసిద్ధము. పుష్యమాసపు చలి వస్తే మామిడి పూతకు మంచిదని సంతోషించే మన నూజివీడు ప్రాంతపు విశ్వాసులకు, చలి అనే మాటకు మరొక అర్థం ఆయన జీవితంలో కనబడుతుంది.

బొంపాస్ గారు 1834 జనవరి 20న లండను నగరంలో జన్మించారు. తండ్రి పేరుపొందిన న్యాయవాది. కుటుంబం బాప్టిస్టు సంఘానికి చెందినది. పదేండ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకున్న విలియం మొదట న్యాయవాద వృత్తి నేర్చుకున్నారు. తరువాత ఆ వృత్తిని విడిచి ఇంగ్లండు సంఘంలో చేరి, 1859లో డీకనుగా అభిషేకం పొంది, కొన్నేండ్లు పల్లె సంఘాలలో పనిచేశారు.

1865లో ఉత్తర కెనడా నుండి వచ్చిన ఒక బిషప్‌గారు లండనులో ప్రసంగిస్తూ, యూకాన్ ప్రాంతంలో పనిచేస్తున్న రాబర్ట్ మెక్‌డొనాల్డ్ అనే గురువు జబ్బుపడి మరణానికి దగ్గరగా ఉన్నాడనీ, ఆ చోటు తీసుకొనేవారెవరూ లేరనీ విన్నవించారు. బొంపాస్ గారు తానే వెళతానన్నారు. జూన్ 30న ఓడ ఎక్కారు. క్రిస్మస్ పండుగ నాటికి చేరాలని ఆయన పట్టుదల. ఓడలు, రైళ్లు, ఎడ్లబండ్లు, పడవలు అన్నీ అయినవి. నీరు గడ్డకట్టాక మిగిలిన దారి కుక్కల స్లెడ్జి వెంట కాలినడకన సాగింది. డిసెంబరు 25 ఉదయాన ఆయన మెకంజీ నది ఒడ్డున ఉన్న సింప్సన్ కోటలో అడుగుపెట్టారు.

అక్కడ తెలిసిన వార్త ఏమంటే, మెక్‌డొనాల్డ్ గారు కోలుకొని తన పని తాను చేసుకొంటున్నారు! ఎవరి చోటు నింపడానికి ఆరు నెలలు ప్రయాణం చేశారో ఆ చోటు ఖాళీగా లేదు. మరొకరైతే తిరుగుదారి పట్టేవారేమో. బొంపాస్ గారు మాత్రం ఒక ఊరూ ఒక ఇల్లూ తనదని అనుకోక, కోట నుండి కోటకు, గుడారం నుండి గుడారానికి తిరిగే సంచార గురువు అయ్యారు. ఆ విధంగా ఆయన జీవితమంతా స్లెడ్జి బాటల మీద పడింది.

ఆ స్లెడ్జి ఎట్టిదో చెప్పుకోవాలి. పలుచని బర్చి చెక్క పలకలను జోడించి, ముందు కొసను పైకి వంచి, ఎనిమిది పది అడుగుల పొడవున చేస్తారు. వెడల్పు మూరెడుకు మించదు. చక్రాలుండవు. దమ్ము చేసిన మడిని చదును చేయడానికి ఎడ్లు లాగే పలక బురద మీద జారినట్లే అది మంచు మీద జారుతుంది. అడవి బాట ఇరుకు గనుక నాలుగు కుక్కలను ఒకదాని వెనుక ఒకటిగా కడతారు. అవి సుమారు 400 పౌండ్ల బరువు లాగుతాయి. ఆ బరువులో దారి పొడవునా కుక్కలు తినవలసిన చేపలే పెద్ద భాగం. గొడ్డలి, కెటిలు, దుప్పట్లు, మనుషుల ఆహారం సర్దిన తరువాత ప్రయాణికుని సొంత వస్తువులకు మిగిలే చోటు బహు స్వల్పం. ఇక మనిషి ఎక్కి కూర్చునే మాటే లేదు. కర్ర చట్రానికి తోలు పట్టీలు అల్లిన పెద్ద మంచు చెప్పులు తొడుక్కొని ఒకడు ముందు నడుస్తూ మెత్తని మంచును తొక్కి బాట చేయాలి. మిగిలినవారు బండి వెనుక నడవాలి.

ఎగువ బాట వస్తే సగం సామాను దించి రెండు దఫాలుగా చేరవేయాలి, లేదా రెండు బండ్ల కుక్కలను ఒకే బండికి కట్టి వెనుక నుండి కర్రలతో నెట్టాలి. దిగువ బాట ఇంకా ప్రమాదం. బండి జారి ముందున్న కుక్కల మీదికే దూసుకుపోతుంది. వెనుక కట్టిన తాడు పట్టుకొని, మనిషి తన ఒళ్లంతా వెనుకకు వాల్చి దానిని ఆపాలి. సున్నకు 40 డిగ్రీలు దిగువన పాదరసమే గడ్డకడుతుంది. అట్టి రాత్రులలో మంచు తోడి, చెట్ల కొమ్మలు పరచి, నెగడు వేసుకొని ఆరుబయట పడుకోవాలి.

1870లో ఆయన ఇనూయిట్ ప్రజల వద్దకు వెళ్లారు. వారిని ఆ రోజులలో ఎస్కిమోలనేవారు. వసంతకాలపు ఎండ మంచు మీద పడి కళ్లలో కొట్టగా ఆయనకు తాత్కాలికంగా చూపు పోయింది. ఆ జాతి కుర్రవాడొకడు చేయిపట్టుకొని నడిపించాడు. బోధింపవచ్చిన గురువు, అడుగు ఎక్కడ వేయాలో ఆ పిల్లవాని వలన తెలుసుకోవలసి వచ్చింది. వారి చేపలు, వారి మాంసం, వారి గుడారం లేనిదే ఆయన ఒక్క శీతకాలమైనా దాటి ఉండేవారు కారు. ఆయన కూడ వారి భాషలు శ్రద్ధగా నేర్చి, స్లేవీ, బీవర్, చిపెవయాన్ మొదలగు భాషలలో పాఠపుస్తకాలు, ప్రార్థనలు సిద్ధంచేశారు.

బిషప్ పదవికి ఎన్నిక చేయబడి 1873లో ఇంగ్లండుకు బయలుదేరారు. దారిలో ఆ ఏటి చివర రెడ్ రివరు బిషప్‌గారి ఇంటి తలుపు తట్టగా, ఆయన చిరిగిన బట్టలు చూచి సేవకుడు ఎవరో బిచ్చగాడనుకున్నాడని చెబుతారు. 1874 మే 3న అథబాస్కా బిషప్‌గా అభిషిక్తులయ్యారు. నాలుగు రోజులకు షార్లెట్ సెలీనా కాక్స్ గారిని వివాహమాడి, ఆమెతో కలిసి తిరిగి ఉత్తరానికి వెళ్లారు. మరల ఇంగ్లండు చూడలేదు. 1884లో అధ్యక్ష మండలాన్ని విభజించినప్పుడు దూరపు భాగమైన మెకంజీ నదిని తీసుకున్నారు. 1891లో దానినీ విభజించగా మరీ దూరపు యూకాన్‌ను కోరుకున్నారు.

అక్కడ బంగారు గనులవారు మూలవాసులకు సారాయి అమ్ముతూ ఉండగా, ఆయన ప్రభుత్వానికి విడువక లేఖలు వ్రాశారు. 1894లో పోలీసులు వచ్చారు. 1896లో క్లోండైక్ ప్రాంతపు వాగులో బంగారం బయటపడింది. వేలాది మనుషులు పసిఫిక్ తీరం నుండి చిల్కూట్ కనుమ ఎక్కసాగారు. ఏడాదికి చాలినంత ఆహారం లేనివారిని కెనడా పోలీసులు పోనివ్వలేదు. పనిముట్లతో కలిపితే ఒక్కొక్కరికి టన్ను సామాను! కొండ అడుగు వరకు స్లెడ్జి మీద లాగి, అక్కడ నుండి మంచులో చెక్కిన 1,500 మెట్లు వీపున మూటలతో పదుల సార్లు ఎక్కి దిగేవారు. 1898 ఏప్రిల్ 3, మట్టల ఆదివారమునాడు, ఆ బాటలో మంచుచరియ విరిగిపడి 60 మందికి పైగా మరణించారు. అంత బరువు మోసినవారిలో అధికులు వట్టి చేతులతో తిరిగిపోయారు.

బొంపాస్ గారి పనిలో విచారించవలసిన సంగతి కూడ ఉన్నది. కార్‌క్రాస్ గ్రామంలో ఆయన నడిపిన చిన్న బడి, ఆయన తరువాత 1911లో చూట్లా వసతి పాఠశాలగా మారింది. అట్టి పాఠశాలలలో మూలవాసుల పిల్లలను తలిదండ్రుల నుండి, తల్లిభాష నుండి వేరుచేశారు. పిల్లలు ఎన్నో బాధలు పడ్డారు. 1993లో కెనడా ఆంగ్లికన్ సంఘం అందుకు బహిరంగంగా క్షమాపణ కోరింది. వారి భాషలు నేర్చుకోవడానికి జీవితం వెచ్చించిన మనిషి వేసిన విత్తనం నుండే, ఆ భాషలను మాన్పించే బడి మొలిచింది. ప్రేమతో చేసిన పనిని సైతం పరీక్షించుకోవాలని ఇది మనకు హెచ్చరిక.

1905లో బాధ్యతను ఐజాక్ స్ట్రింగర్ గారికి అప్పగించి, బొంపాస్ గారు కార్‌క్రాస్‌లోనే ఉండిపోయారు. 1906 జూన్ 9న అక్కడే మరణించారు. వయస్సు 72. ఆయన సమాధి ఆ ఊరిలోనే ఉన్నది.

శతజయంతి వేళ మనం కట్టిన ఆలయాలను, బడులను, ఆసుపత్రులను లెక్కించుకుంటాము. అది తగినదే. దానితోపాటు, దారిలో మన చేయిపట్టి నడిపించినవారు ఎవరెవరో, మన బండిలో అనవసరంగా మోస్తున్న బరువేమిటో కూడ లెక్కించుకుంటే ముందున్న బాట కొంత సులువవుతుంది.