చెరసాల గోడ నుండి వెండితెర దాక

చలనచిత్ర గీతానికి సామాన్యంగా ఆయువు స్వల్పం. చిత్రం వెళ్ళిపోగానే పాటయు మరుగున పడుతుంది. అయినను 1960 తొలి సంవత్సరాలలో పుట్టిన కొన్ని తెలుగు పాటలు ఈ నియమానికి లొంగలేదు. ఆరు దశాబ్దాలు గడచినా ప్రజలు వాటిని కూనిరాగం తీస్తూనే ఉన్నారు. అట్టి పాటలలో కొన్నింటిని వ్రాసిన చేయి, అంతకు పుష్కరకాలం ముందు చెరసాల గోడపై బొగ్గుతో పద్యాలు వ్రాసిన చేయి. అది దాశరథి కృష్ణమాచార్యుల చేయి.

దాశరథి 1925 జూలై 22వ తేదీన చిన్నగూడూరులో, వైష్ణవ పండిత కుటుంబంలో జన్మించినారు. నాడు వరంగల్లు జిల్లాలోనిదైన ఆ గ్రామం నేడు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఇంట సంస్కృతం, బడిలో ఉర్దూ. నిజాం రాజ్యంలో పైచదువులు ఉర్దూలోనే సాగేవి. పాలకుల భాష అని దానిని ద్వేషించుట సులభమే. దాశరథి అట్లు చేయలేదు. పాలకునితో పోరాడినారు, భాషను ప్రేమించినారు. ఈ వివేకమే అనంతర కాలంలో ఆయన పాటకు పునాది అయినది.

నిజాం నిరంకుశత్వాన్ని ఎదిరించి ఆయన కారాగారవాసం అనుభవించినారు. నిజామాబాదు చెరలో వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోడు. పళ్ళు తోముకొను బొగ్గే అచట కలమైనది. 1949లో అగ్నిధార, మరుసటి యేట రుద్రవీణ వెలువడినవి.

1961లో మీర్జా గాలిబ్ కవితను తెనిగించి, గాలిబ్ గీతాలు అను పేర అక్కినేని నాగేశ్వరరావుకు అంకితమిచ్చినారు. ఆ సంవత్సరమే చిత్రసీమలో అడుగుపెట్టినారు. ఆత్రేయ దర్శకత్వం వహించిన వాగ్దానం చిత్రానికి పెండ్యాల సంగీతంలో ఒక యుగళగీతం. ఇద్దరు మిత్రులు చిత్రానికి సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో మరొకటి. రెండింటినీ ఘంటసాల, సుశీల పాడినారు. రెండవదాని పల్లవి ఒక ఉర్దూ మాటతోనే మొదలవుతుంది. తెలంగాణా పల్లెల నాలుకపై నానిన ఆ మాటను కోస్తా శ్రోతలు పరాయిదనుకోలేదు.

అగ్నిని గానం చేసిన కవి నాయికానాయకుల కొరకు పాట కట్టుట దిగజారుట కాదా అను శంక సహృదయులకు కలుగవచ్చును. కాని గజలు మర్మమెరిగినవారికి ఈ శంక నిలువదు. గజలులో ప్రతి ద్విపదయు తనంత తాను సంపూర్ణం. రెండు పాదాలలో ఒక హృదయం తెరచి మూయవలె. సినిమా పల్లవికి కావలసినదీ అదే. గాలిబ్ వద్ద నేర్చిన ఈ క్లుప్తతకు ఆయన తెలుగు పలుకుబడి తోడైనది. బాణీకి పదాలు పొదుగునపుడు కూడ కవిత చెదరలేదు.

రేగొండకు ఉత్తరాన కాళేశ్వరం వద్ద ప్రవహించు గోదావరియే రాజమహేంద్రవరం చేరుతుంది. 1964లో వచ్చిన మూగమనసులు చిత్రంలో ఆ దిగువ గోదావరి గట్టును గూర్చి సుశీల పాడిన జానపద ఛాయ గల పాట దాశరథిదే. తెలంగాణా కవి కోస్తా పల్లెపడుచు గొంతులో ఒదిగిపోయినాడు. రెండు ప్రాంతాలు 1956లో ఒక రాష్ట్రమైనవి, 2014లో వేరైనవి. ఆ పాట మాత్రం ఉభయులకూ చెందియే ఉన్నది. బి.ఎన్. రెడ్డి నిర్మించిన రంగులరాట్నంలోని భక్తిగీతంలోనేమో చిన్ననాటి వైష్ణవ సంస్కారం పలికినది.

చిత్రసీమ ఆయనను కావ్యరచనకు దూరం చేయలేదు. తిమిరంతో సమరం కావ్యానికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయనను ఆస్థానకవిగా నియమించినది. 1987 నవంబరు 5న దాశరథి పరమపదించినారు.

2025తో ఆయన జన్మించి నూరేండ్లు నిండినవి. ఆ పాటలు వినువారికి గాయకుల కంఠం తెలుసు, నటీనటుల ముఖం తెలుసు. కవి పేరు పలువురికి తెలియదు. అగ్నిధార చదివినవారిలో కొందరు ఆ పాటలను లెక్కించరు. ఇరువురూ సగము దాశరథినే ఎరుగుదురు. పాట విన్నవారు కావ్యం తెరచుట, కావ్యం చదివినవారు పాటకు చెవియొగ్గుట ఆ మహాకవికి చేయదగిన న్యాయం.